కొన్న పాకకు చూరుండదు

డిసెంబరు మొదటి వారం రాగానే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో తిరుగుతుంది. ఏటేటా ఫోటో మారుతుంది గానీ అందులో వస్తువు మాత్రం అదే. నునుపు చెక్కతో చేసిన చిన్న పాక, కప్పు మీద దూది మంచు, పక్కన ప్లాస్టిక్ చెట్టు, లోపల రంగులు మారే బల్బు. కింద ఒక ప్రశ్న: "పారీస్ కార్నర్లో దొరుకుతున్నాయి, మీకూ ఒకటి తీసుకోమంటారా?"

మేం వద్దంటాం. పిసినారితనం అనుకునేవాళ్ళున్నారు, పాతకాలపు మూర్ఖత్వం అనేవాళ్ళూ ఉన్నారు. ఎందుకు వద్దంటున్నామో ఈసారి కాస్త వివరంగా రాద్దామనిపించింది. గ్రూపులో రాస్తే ఎవరూ చదవరు, ఇక్కడైతే ఎప్పటికైనా మా పిల్లలు చదువుతారు.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. క్రిస్మస్‌కి పాక కట్టే ఆచారం అసలు మాది కాదు. మా పెద్దలు ఒంగోలు వైపు బాప్టిస్టులు. వాళ్ళకి పండగంటే గుమ్మానికి కాగితం నక్షత్రం, తెల్లవార్లూ ఇంటింటికీ తిరుగుతూ పాటలు, కొత్త బట్టలు, మధ్యాహ్నం కూర. బొమ్మలు పెట్టడం వాళ్ళకి గిట్టదు. ఎన్నూరు వచ్చి స్థిరపడ్డాక పక్కిళ్ళ కేథలిక్కుల్ని చూసి నేర్చుకున్నాం. రాయపురం, కాశిమేడు నుంచి ఇటు ఎన్నూరు దాకా సముద్రం పక్కన కేథలిక్కుల ఇళ్ళలో 'కుడిల్' లేని క్రిస్మస్ ఉండదు. మన గుడిసె, వాళ్ళ కుడిసై, ఈ కుడిల్, అన్నీ ఒక తల్లి పిల్లలే.

ఆ కేథలిక్కులకీ ఇది ఇటలీ నుంచి వచ్చింది. 1223లో గ్రెచ్చో అనే కొండ ఊళ్ళో అసీసీ ఫ్రాన్సిస్ తొట్టిలో గడ్డి పరిచి, ఎద్దునీ గాడిదనీ తెచ్చి నిలబెట్టి జనానికి ఆ రాత్రిని చూపించాడు. సువార్తలో అయితే పాక అన్న మాటే లేదు. సత్రంలో చోటు దొరకలేదనీ, బిడ్డని పశువుల తొట్టిలో పడుకోబెట్టారనీ లూకా చెప్పి ఊరుకున్నాడు. మిగతాదంతా ఏ దేశం వాళ్ళు ఆ దేశం పద్ధతిలో ఊహించుకున్నదే. కొందరు గుహ చేశారు, చలిదేశాల వాళ్ళు చెక్క కొట్టం చేసి పైన మంచు పోశారు. వాళ్ళ ఊళ్ళో మంచు పడుతుంది, పోసుకున్నారు, తప్పేముంది? మా ఎన్నూరులో కప్పుల మీద తెల్లగా పడేది మాకు తెలిసినంతలో ఒక్కటే, పొగగొట్టాల బూడిద. దాన్ని దూదితో చేసి చూసుకోవాలన్న సరదా మాకు లేదు.

కాబట్టి తాటాకు పాకే కడతాం. కానీ మా ఇంట్లో దీనికి మొదట అడ్డం చెప్పింది పిల్లలు కాదు, జేజి.

ఏళ్ళ కిందటి మాట. తొలిసారి మేం అట్టముక్కలూ తాటాకులూ ముందేసుకుని కూర్చుంటే జేజి గుమ్మంలో నిలబడి చూసి, "ఏందిరా ఇది? గుడిసెలో పుట్టి, గుడిసెలో కని, ఆ గుడిసెలోంచి బయటపడటానికి నా జీవితం సరిపోయింది. మళ్ళా గుడిసె బొమ్మ చేసి దానికి లైట్లు పెడతారా?" అంది. నవ్వుతూ అనలేదు. వానొస్తే గిన్నెలు పెట్టుకుని రాత్రంతా కూర్చున్న మనిషి ఆమె. పక్క గుడిసె అంటుకుంటే పిల్లల్ని చంకనేసుకుని కాలవలోకి దిగిన మనిషి. మాకేం చెప్పాలో తెలీలేదు. ఇప్పటికీ ఆ మాటకి మా దగ్గర గట్టి జవాబు లేదు. పేదరికాన్ని బొమ్మ చేసి ముచ్చట పడటం మంచి పని కాదు, ఆ మాట ఆమెదే రైటు.

అయితే ఆ రోజు ఇంకొకటి జరిగింది. మా చిన్నాడు తాటాకు ముక్కల్ని పైనుంచి కిందికి అంటించుకుంటూ వస్తున్నాడు. ముందు కొప్పు, తర్వాత దాని కింద వరస, ఇంకా కింద ఇంకో వరస. జేజి కాసేపు ఓర్చుకుంది. తర్వాత ఇక ఉండబట్టలేక వచ్చి కూలబడింది. "అట్లా కప్పితే నీళ్ళు యాడికి పోతాయిరా? లోపలికే గదా! చూరు కాణ్ణుంచి మొదలుపెట్టాల. కింద వరస ముందు, దాని మీద పై వరస ఎక్కాల. కొప్పు ఆఖర్న." అంటించిందంతా ఊడబెరికింది. అట్టపెట్టెకి నిట్రాట ఏదని అడిగింది. లేదంటే, "నిట్రాట లేకుండా ఇల్లెట్టా నిలబడుద్ది?" అని మమ్మల్నే కోప్పడింది. మధ్యలో నిలువుగా ఒక కర్ర, దాని మీద వెన్నుగాడి, అటూ ఇటూ కొబ్బరి ఈనెల వాసాలు, వాసాల మీద అడ్డంగా పెండెకట్టెలు, దారంతో ముడులు. సాయంత్రానికి పాక లేచింది.

అప్పుడు మా పెద్దపాప అడిగింది: "కొప్పంటే జుట్టుది కదా, ఇంటికి కూడా కొప్పుంటుందా?"

మేం ఆగిపోయాం. పన్నెండేళ్ళ పిల్ల. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. కానీ ఆ తెలుగులో చూరు లేదు, పంచ లేదు, వాసం లేదు, దూలం లేదు. మేమెప్పుడూ నేర్పలేదు, నేర్పే అవసరమూ రాలేదు. మేముండేది రెండు గదుల సిమెంటు ఇల్లు. హాలు, కిచెన్, బాత్రూం, బాల్కనీ, టెర్రస్. బయట అడుగు పెడితే తమిళం, బడిలో తమిళమూ ఇంగ్లీషూ. గడప ఒక్కటి మిగిలింది, పసుపు రాసే పక్కింటివాళ్ళ పుణ్యాన.

ఇక్కడే మా అసలు వాదన ఉంది. పాకని చేత్తో కడితే దాని ప్రతి ముక్కకీ ఒక పేరు కావాల్సి వస్తుంది. "ఆ పుల్ల ఇటివ్వు" అంటే ఏ పుల్లో తెలీదు. "వాసం ఇవ్వు, పెండెకట్టె ఇవ్వు" అనాల్సిందే. కొన్న పాకకి ఆ అవసరం లేదు. అది డబ్బాలోంచి ఒకే ముక్కగా వస్తుంది, దాన్ని పిలవడానికి ఒక్క మాట చాలు. చూరు ఉన్నట్టు కనిపిస్తుందే గానీ ఎవరూ దాన్ని చూరు అనరు, అందుకని అది చూరు కాదు.

చూరు పోతే ఒక మాట పోయిందిలే అనుకుంటాం. దాంతో ఎన్ని పోతాయో చూడండి. చూరు పట్టుకు వేలాడటం అంటే ఏమిటో ఆ పిల్లకి తెలీదు. ఒకరి పంచన చేరడం అంటే పైపంచె అనుకుంటుంది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఎందుకంత తప్పో, అసలు పడుకుని పైకి చూస్తే వాసాలు కనిపించే ఇల్లు చూడనివాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఆ ఏడు ఈనెలు కడుతూ మావాడు "పధ్నాలుగు, పదిహేను" అని లెక్కపెడుతుంటే వాళ్ళ చిన్నాయన "ఒరే, తిన్నింటి వాసాలు లెక్కబెట్టబాకరా" అన్నాడు. అందరం నవ్వాం. వాడు ఎందుకు నవ్వారని అడిగి, చెప్పించుకుని, తర్వాత వారం రోజులు కనిపించినవాళ్ళందరి మీదా ఆ మాట వాడాడు. పది తెలుగు క్లాసులు పెట్టినా అది రాదు.

ఈ మాటల విలువ మేం కొత్తగా కనిపెట్టింది కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలు వేసినప్పుడు మొదటి సంపుటం వ్యవసాయం మీద, భద్రిరాజు కృష్ణమూర్తిగారు చేశారు, 1962లో వచ్చింది. ఆ వరసలోనే ఇంటి కట్టుబడి పదాల మీద బూదరాజు రాధాకృష్ణగారు ఒక సంపుటం చేశారు. ఊరూరా తిరిగి వడ్రంగుల్నీ తాపీ మేస్త్రీల్నీ అడిగి రాసుకున్న మాటలవి. ఇక మాకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, ఎన్నూరుకి ఉత్తరాన పులికాట్ సరస్సు ఉంది, తెలుగువాళ్ళకది ప్రళయకావేరి. ఆ సరస్సు దీవుల తెలుగుని స.వెం. రమేశ్ గారు 'ప్రళయకావేరి కథలు'లో అక్షరాల్లోకి ఎక్కించారు. అది చదువుతుంటే మా జేజి నోట విన్న మాటలు ఒక్కొక్కటీ ఎదురొస్తాయి. పుస్తకాలు మాటల్ని దాస్తాయి. కానీ పిల్లల నోటికి ఎక్కాలంటే చేతిలో పని ఉండాలి, ఆ పని తొందరగా అవ్వాలి, బంక ఆరిపోతుండాలి. అప్పుడు మాట దానంతటదే వస్తుంది.

జేజికి గుడిసె మీద ఉన్న కోపం గురించి ఇంకో మాట. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి చూపించాడు. మా ముత్తాత తండ్రి ఆ కాలవ తవ్విన కూలీల్లో ఒకడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ కాలవే ఒంగోలు వైపు పెదగంజాం నుంచి బయల్దేరి, నెల్లూరు దాటి, ప్రళయకావేరి దాటి, ఇదిగో మా ఎన్నూరు మీదుగా మద్రాసుకి పోతుంది. కాలవ గట్టున గుడిసెలేసుకుని తవ్వినవాళ్ళ మనవళ్ళు అదే కాలవ వెంట నడిచొచ్చి, ఇంకో చివర్న గుడిసెలేసుకున్నారు. మేం కట్టేది ఆ పాకని. జాలి కోసం కట్టడం లేదు, అందం కోసమూ కాదు. దాన్ని కట్టడం తెలిసిన చేతులు ఇంట్లో ఇంకా ఉన్నప్పుడు ఒకసారి కట్టి చూసుకుంటున్నాం. జేజి ఇప్పుడు లేదు. చూరు కాణ్ణుంచి కప్పడం మాత్రం పిల్లలకి వచ్చు.

2023 సంగతి చెప్పాలి. ఆ డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుఫాను వచ్చింది. వరద నీళ్ళతో పాటు నూనె తెట్టె కాలవ మీద, ఏటి ముఖద్వారంలో తేలి, ఎన్నూరు వైపు ఇళ్ళలోకి వచ్చేసింది. నీళ్ళు తీశాక గోడల మీద మోకాలి ఎత్తున నల్లటి చార మిగిలింది. ఎంత తోమినా పోలేదు. పడవలకీ వలలకీ పట్టిన నూనె సంగతి అందరూ పేపర్లలో చదివారు. ఆ ఏడు పాక వద్దనుకున్నాం, ఎవరికీ మనసు లేదు. పండగకి మూడు రోజుల ముందు పిల్లలే ఒక అట్టపెట్టె తెచ్చి మొదలుపెట్టారు. గోడలకి తెల్ల కాగితం అంటించి, చిన్నాడు నల్ల స్కెచ్ పెన్నుతో నాలుగు గోడల చుట్టూ కింద ఒక గీత గీశాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. పండగపూట పాకకి ఆ మరకేంటి, సున్నం పూయండని ఒకరిద్దరన్నారు. మేం పూయలేదు. బాలయేసు ఆ ఏడు నల్ల చార ఉన్న ఇంట్లోనే పడుకున్నాడు. ప్రార్థనకి వచ్చినవాళ్ళు చూసి ఏమీ అనలేదు. కాసేపు మాత్రం అక్కడే నిలబడ్డారు.

కొన్న పాక మీద ఆ గీత గీయడానికి ఎవరికీ చెయ్యి రాదు. డబ్బు పోసి కొన్నది కదా, పాడైపోతుందనిపిస్తుంది.

మాట వచ్చింది కాబట్టి థర్మాకోల్ గురించి కూడా. ఇళ్ళలో, బళ్ళ పోటీల్లో పాకలన్నీ థర్మాకోల్‌తోనే చేసేవాళ్ళు, మేమూ ఒకట్రెండు సార్లు చేశాం. అలంకరణ థర్మాకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా సందుల్లో దొరుకుతూనే ఉంది. అది విరిగి గుళ్ళగుళ్ళగా కాలవలోకి పోతే తిరిగి ఏరే మొనగాడు లేడు. కాలవ పక్కన ఉండేవాళ్ళం, ఆ పని మాత్రం మేం చేయకూడదు. పోటీల సంగతైతే ఎత్తకపోవడమే మేలు. నాన్నలు రాత్రంతా కూర్చుని చేస్తారు, ప్రైజు పిల్లలకొస్తుంది.

"మీకేం, తాటాకు దొరుకుతుంది, మా న్యూజెర్సీలో ఎక్కణ్ణుంచి తెచ్చేది?" అని మా పెద్దమ్మ కూతురు అడుగుతుంది. ఆమె పిల్లలు అక్కడ అల్లం బిస్కెట్ల ఇల్లు కడతారు. డబ్బాలో గోడలు, కప్పు, పైన పూసే పంచదార పేస్టు అన్నీ కొలిచి పెట్టి ఉంటాయట, అతికిస్తే చాలు. మేం దానికి వ్యతిరేకం కాదు, కనీసం తినొచ్చు. కానీ ఆమె ఊరికి పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో బెత్లెహేమ్ అనే ఊరే ఉంది. మొరేవియన్ క్రైస్తవులు 1741 క్రిస్మస్ వేళ దానికా పేరు పెట్టారు. వాళ్ళిళ్ళలో పండక్కి నాచు, కొమ్మలు, బొమ్మలతో చిన్న ఊరే పేరుస్తారు, దాన్ని 'పుట్జ్' అంటారు. తర్వాత 1920ల్లో, 30ల్లో జపాన్ నుంచి చవకగా అట్ట ఇళ్ళు దిగాయి, మెరుపు పొడి చల్లినవి, కిటికీల్లో రంగు కాగితం అంటించినవి. వాటికీ అదే పేరొచ్చింది. ఇప్పుడు అమెరికావాళ్ళే ఆ పాత అట్ట ఇళ్ళ నమూనాలు చూసి, మళ్ళీ చేత్తో కత్తిరించి చేసుకుంటున్నారు. వాళ్ళకి లేని నామోషీ మనకెందుకు?

తాటాకు లేకపోతే మొక్కజొన్న పొత్తు తొక్కలు ఎండబెట్టండి. కొరియర్ అట్టపెట్టెలకి ఏ దేశంలోనూ కరువు లేదు. ఆకు ఏదైనా ఫరవాలేదు, కట్టేటప్పుడు నోట్లో మాట ఏదన్నదే లెక్క. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో, ముంబై కామాటిపురాలో, మలేసియాలో మూడు నాలుగు తరాలుగా ఉన్న తెలుగువాళ్ళున్నారు. మీ అవ్వ ఇంట్లో అరుగుందా, పంచ ఉందా, పెంకుటిల్లా, మిద్దా? అదే కట్టండి. తాటాకు పాకే కట్టాలన్న రూలు మేం పెట్టడం లేదు. పెంకుటిల్లయితే పెంకులకి అట్ట గొట్టాల్ని నిలువునా సగానికి కోసి పేర్చండి, ఒక వరస బోర్లా, ఒక వరస వెల్లకిలా. ఎవరూ చెప్పేవాళ్ళు లేకపోతే పెద్దవాళ్ళకి వీడియో కాల్ చేసి పిల్లల చేతే అడిగించండి. "తాతా, మీ ఇంటి చూరు ఎంత కిందికి ఉండేది?" అని అడిగితే ఆయన ఇక ఫోను పెట్టడు.

మా పద్ధతి రెండు ముక్కల్లో. అడుగున్నర పొడుగు, అడుగు వెడల్పు చాలు, అంతకన్నా పెద్దదైతే దాచడం కష్టం. అడుగు భాగానికి రెండు అట్టలు అతికించాలి, ఒకదాని గీతలు నిలువు, రెండోదానివి అడ్డం, అప్పుడే వంగదు. బంక మైదాతో ఉడికించిందే వాడతాం. పాతరోజుల్లో పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపేవాళ్ళు, అది విషం, పిల్లలు చెయ్యి పెట్టే బంకలో వద్దు. సముద్రపు గాలికి మా దగ్గర ఏదీ తొందరగా ఆరదు, అందుకని డిసెంబరు పదికల్లా గోడలు లేపేస్తాం. గడ్డి మీంజూరు, పొన్నేరి వైపు నుంచి వచ్చేవాళ్ళు తెచ్చిస్తారు. చుట్టూ మట్టి పరిచి మెంతులు చల్లితే నాలుగైదు రోజుల్లో పచ్చగా లేస్తాయి. ముందు ఒక అరుగు తప్పకుండా ఉండాలి. గొర్రెల కాపరులు వచ్చినప్పుడు ఎక్కడ కూర్చుంటారు మరి?

మా ఇంట్లో పాక కొత్త సంవత్సరం దాటాక కూడా తీయం. భోగి ముందు రోజు పక్కింటి తెలుగువాళ్ళొచ్చి పట్టుకెళ్తారు. మద్రాసులో చుట్టూ అందరూ దసరాకి కొలువు పెడితే వాళ్ళు మాత్రం నెల్లూరు పద్ధతిలో సంక్రాంతికే బొమ్మల కొలువు పెడతారు, కింది మెట్టు పక్కన ఊరు పేరుస్తారు. అందులో మా పాక ఒక ఇల్లు. తొట్టి తీసేసి అక్కడ ఆవునీ దూడనీ కట్టేస్తారు, అంతే తేడా. కిందటేడు తిరిగొచ్చేసరికి అరుగు ఒక పక్క విరిగింది. వాళ్ళ పాప మా చిన్నాడితో, "అరుగు ఇరిగిపోయింది, నిట్రాట బాగానే ఉంది" అని చెప్పి ఇచ్చి పోయింది. ఈసారి అరుగు కింద ఇంకో అట్ట వేస్తున్నాం.